ఊరపంది: వర్ణనము, నామము, పెంపకము

సూరతు నగరము పేరు మోయుచున్న పశుజాతులు భారతదేశపు పశుజాతుల పట్టికలో రెండు గలవు. ఒకటి సూరతీ గేదె. రెండవది సూరతీ మేక. గేదె కొడవలివలె వంగిన చదునైన కొమ్ములు గలది. దవడ క్రింద నొకటి, రొమ్ముమీద నొకటి తెల్లని పట్టెలుండుట దాని గుఱుతు. మేక తెల్లనిది, పొదుగు పెద్దది. దూరము నడచి మేయుటకంటె ఇంటియొద్ద కట్టి మేపుటకు తగినది. చిత్రమేమనగా, సూరతీ గేదెకు పుట్టినిల్లని చెప్పబడు సీమ సూరతు కాదు. మహీ, సాబర్మతీ నదుల నడుమనున్న ఖేడా, ఆనంద్, వడోదర ప్రాంతము. ఆ గేదెకే చరోతరీ, నడియాదీ, తలబ్దా అను పేర్లును గలవు. వానిలో సూరతీ అనునదియే గ్రంథముల కెక్కినది. రాజస్థానమున ఉదయపూరు దాపునగల వల్లభనగరములో ఈ గేదెను సాకి పరిశోధించిననాడును పేరు సూరతీగానే నిలిచినది. పెంచువారు పిలిచిన పేరు వేఱు, వర్తకులును అధికారులును వ్రాసికొన్న పేరు వేఱు అగుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

ఆ సూరతు వీధులలోనే తిరుగు మఱియొక పశువున్నది. నల్లని మేను, మెడమీద నిక్కిన వెండ్రుకలు, పొడవైన ముట్టె గల పంది. దానికి గుజరాతీలో ‘భూండ్’ అని పేరు. అదే భాషలో ‘భూండుం’ అను విశేషణమునకు చెడ్డది, నీచమైనది అని యర్థము. ఈ రెండు పదములకును పుట్టుక యొకటియైనను కాకున్నను, మాటాడువాని చెవికి అవి యొకటిగానే వినబడును. లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడిన తెలంగాణపు పద్మశాలి కుటుంబముల బిడ్డలకు ఇంటిలో ‘పంది’, వీధిలో ‘భూండ్’. రెండు భాషలలోను అది తిట్టే. మేకకును గేదెకును తన పేరిచ్చిన నగరము పందికి ఏ పేరును ఈయలేదు.

ఈ భేదము తెలుగుదేశమునను అట్లే యున్నది. ఒంగోలు గిత్త, పుంగనూరు ఆవు, నెల్లూరు గొఱ్ఱె అని ఊళ్లపేర్లతో ప్రసిద్ధమైన పశువులు మనకు గలవు. ఒంగోలు జాతి సముద్రము దాటి బ్రెజిలు చేరి అచ్చట ‘నెలోరె’ అను పేరుతో ఆ దేశపు పశుసంపదలో ప్రధానభాగమైనది. నెల్లూరు పేరు పోర్చుగీసు నాలుకమీద నిలిచినది. పందికి మాత్రము నల్లపంది, నాటుపంది, ఊరపంది అను సామాన్యనామములే తప్ప కృష్ణాతీరపుదనియో, రాయలసీమదనియో, తెలంగాణముదనియో వేఱుచేసి చెప్పు పేరు లోకవ్యవహారమున కానరాదు.

పేరు లేకున్న నేమి యని యడుగవచ్చును. హర్యానాలోని కర్నాలులో నున్న జాతీయ పశుజన్యువనరుల సంస్థ ఒక పశుజాతిని పట్టికలో చేర్చుటకు దాని సీమ, రూపలక్షణములు, పెంచువారి వివరము, వాడుక మొదలగువాని వర్ణనము కావలెను. వర్ణనము లేనిచో పేరు లేదు. పేరు లేనిదానిని రక్షింపవలెనన్న మాట ఏ కాగితముమీదను వ్రాయుట కుదరదు. 2019 పశుగణనమున దేశమునందలి పందులు 90.6 లక్షలు, 2012 గణనముతో పోల్చిన సుమారు 12 శాతము తగ్గినవి. అందు విదేశీయములు, సంకరములు 19 లక్షలు కాగా మిగిలినవన్నియు దేశీయములు. ఆ దేశీయములలో పేరు పొందనివాని కన్నిటికిని అధికారభాషలో నున్న విశేషణము ‘నాన్‌డిస్క్రిప్ట్’. తెలుగున చెప్పవలెనన్న ‘వర్ణింపబడనిది’. ఈ వ్యాసమున విచారింపదలచినది ఆ విశేషణమునే. ఊరపంది నిజముగా వర్ణింపబడనిదా? లేక వర్ణనమున్నను చదువువారు లేరా?

ముందుగా సంస్కృతకోశమును చూడవలెను. అమరసింహుడు సింహాదివర్గమున వరాహమునకు పండ్రెండు పేర్లు చెప్పినాడు. కిరి, కిటి, కోలము వంటివాని వ్యుత్పత్తి స్పష్టము కాదు. కాని తక్కినవానిలో పెక్కు పేర్లు పేర్లవలె గాక పరీక్షించి వ్రాసిన లక్షణములవలె నున్నవి. స్తబ్ధరోమము, బిఱుసుగా నిలిచిన వెండ్రుకలు గలది. దంష్ట్రి, కోఱలు గలది. ఘోణియు, పోత్రియు ముట్టెనుబట్టి వచ్చినవి. ఘృష్టి, ఒఱసికొనునది. భూదారము, నేలను చీల్చునది. నేటి జాతివర్ణనపత్రమున రోమము, దంతము, ముఖాకృతి, స్వభావము అను గడులలో నింపు విషయములే ఇవి.

ఈ పేర్లను పశువైద్యశాస్త్రముతో పోల్చి చదివినచో మఱికొంత తెలియును. ‘ఘృష్టి’ అనదగినట్లు పంది చెట్టునకును గోడకును ఒఱసికొనుట, బురదలో పొర్లుట దాని మురికితనమువలన కాదు. పందికి చెమటద్వారా ఒడలు చల్లబఱచుకొను శక్తి లేదనదగినంత తక్కువ. బురద ఆఱుచు చల్లదనమిచ్చును. పూతవలె నిలిచి ఎండనుండియు పురుగునుండియు కాపాడును. ‘భూదార’ నామము ఇంకను విలువైనది. అప్పుడే పుట్టిన పందిపిల్ల దేహమున ఇనుపధాతువు నిలువ మిక్కిలి స్వల్పము. దినమునకు దానికి సుమారు 7 మిల్లీగ్రాములు కావలసియుండగా తల్లిపాలవలన లభించునది 1 మిల్లీగ్రాము మాత్రమే. నేల త్రవ్వుకొను పిల్లకు ఆ లోటు మట్టివలననే తీఱును. సిమెంటునేలమీద పెంచు పిల్లకు పుట్టిన మూడునాలుగు దినములకే ఇనుము సూదిమందుగా ఈయనిచో రక్తహీనతచే క్షీణించును. నేలను చీల్చుట ఆ ప్రాణికి ఆహారమును, ఔషధమును నగుచున్నది. కాళిదాసు శాకుంతలమున వేటభయము లేని వరాహములు తుంగముస్తలను పెల్లగించు దృశ్యమును చూపుటయు ఈ స్వభావ మెఱిగియే.

అయితే ఇచ్చట నొక మెలిక గలదు. సింహాదివర్గములోనిది అడవివరాహము. ఊరిలోని పందికి అమరుడు మఱియొక చోట స్థాన మిచ్చినాడు, అది శూద్రవర్గము. అందు గ్రామ్యసూకరమునకు చెప్పిన పేరు ‘విట్చరము’, అనగా అమేధ్యమున తిరుగునది. మనుస్మృతి నిషేధించు ‘విడ్వరాహ’ మిదియే. నేటి శాస్త్రము రెండింటిని ఒకే జీవకులముగా ఎంచుచున్నది. కోశమున మాత్రము అడవిలోనున్నంతవఱకు సింహముతో కూర్చున్న ప్రాణి, ఊరు చేరగనే తన్ను పెంచువారి వర్గములోనికి దిగినది. దిగినతోడనే దాని వెండ్రుక, కోఱ, ముట్టె అన్నియు మఱువబడినవి. తినుబండారమొక్కటియే పేరుగా మిగిలినది. ‘వర్ణింపబడనిది’ అను విశేషణమునకు పూర్వరూపము ఇచ్చటనే కనబడుచున్నది. పశువు మారలేదు, పెంచువాడు మారినాడు.

ద్రావిడభాషలలో ఈ భేదము లేదు. తమిళమున పన్ఱి, మలయాళమున పన్ని, కన్నడమున హంది, తుళువున పంజి, గోండిలో పద్ది, తెలుగున పంది. ఇవన్నియు ఒక్క మూలమునుండి వచ్చినవి. ఆ మూలపదము అడవిదానికిని ఊరిదానికిని సమానము. వేఱుచేయవలసినపుడు ‘అడవి’, ‘ఊర’ అను విశేషణములు చేర్చుకొందుము. కావ్యములందలి వేటఘట్టములలో వచ్చు ‘ఏకలము’ అను పదము, కన్నడపు ‘ఎక్కల’మునకు చుట్టమైనది, అడవిపందికే చెల్లును, కాని అది జనవ్యవహారమునుండి తొలగి చాలకాల మైనది. పంది యను మాట ఇతర జంతువులకును పోలికగా నిలిచినది. ముళ్లపంది యొకటి, పందికొక్కు మఱియొకటి. ఈ పందికొక్కే ఆంగ్లమునకు పోయి ‘బాండికూట్’ అయినది, అటనుండి ఆస్ట్రేలియాలోని వేఱొక జాతి జంతువునకును పేరైనది. ప్రపంచము తెలుగునుండి గైకొన్న కొద్ది మాటలలో నొకటి పంది నడిచిన జాడయే యగుట చెప్పికొనదగినది.

‘ఊరపంది’, ‘నాటుపంది’ అను రెండు మాటలకు కాలభేదము గలదు. ఊరపంది అడవిపందికి ప్రతియోగి. నాటుపంది సీమపందికి ప్రతియోగి. ఇంగ్లండునుండి యార్క్‌షైరు తెల్లపందులు వచ్చి, సీమచింత, సీమవంకాయ వరుసలో ‘సీమపంది’ యను మాట స్థిరపడిన తరువాతనే ఉన్నదానికి ‘నాటు’ అను విశేషణము కావలసివచ్చినది. ఫారము కోడి రాకముందు నాటుకోడి యని చెప్పవలసిన పని లేకపోయినట్లే ఇదియు. కొత్తది వచ్చి పాతదానికి పేరు పెట్టించుట భాషలో సామాన్యము. కాని ఆ పేరు పాతదాని గుణమును చెప్పదు, కొత్తది కాదని మాత్రమే చెప్పును.

ఇక రాజచిహ్నముల మాట. బాదామి చాళుక్యులకును, వేంగీ చాళుక్యులకును వరాహము లాంఛనము. కాకతీయుల ముద్రలందును, విజయనగర చిహ్నములందును అదియే. ఆ చిహ్నమువలననే బంగారునాణెమునకు ‘వరహా’ యను పేరు వచ్చి తెలుగువారి లెక్కలలో నిలిచినది. తిరుమలలో వేంకటేశ్వరునికంటె ముందు వరాహస్వామిని సేవించుట సంప్రదాయము. ఆ కొండక్రింది తిరుపతి పట్టణమే పందులపరిశోధనకు కేంద్రమగుట కాకతాళీయము కావచ్చును. 1970-71లో ఆరంభమైన అఖిలభారత పందుల పరిశోధన పథకపు తొలి కేంద్రములలో తిరుపతి యొకటి. అచ్చట మూడుపాళ్లు లార్జ్ వైట్ యార్క్‌షైరు, ఒకపాలు నాటుపంది కలిపి సాధించిన సంకరమునకు పెట్టిన పేరు టి-17. పని మెచ్చదగినదే, త్వరగా బరువెక్కు జంతువు చిన్నరైతునకు లాభకరము. కాని ఆ నాలుగవపాలు ఏ సీమనుండి, ఎవరి దొడ్డినుండి వచ్చిన పంది? అంకెలోను అక్షరములోను ఆ జాడ లేదు. వరాహనామము నాణెమున కిచ్చి, వరాహమునకు అంకె నిచ్చినట్లైనది.

ఈశాన్యభారతమున నడచిన దారి వేఱు. పట్టికకెక్కిన పందిజాతుల పేర్లను భాషావేత్త చదివినచో అందు పశువే గాక భాషయు కనబడును. మేఘాలయపు ‘నియాంగ్ మేఘ’లో పందికి ఖాసీమాటయైన ‘స్నియాంగ్’ ఉన్నది. నాగాలాండుదగు ‘తెన్యి వో’లో అంగామీల ‘వో’, మిజోరముదగు ‘జోవాక్’లో మిజోల ‘వాక్’, ‘వాక్ చంబిల్’లో గారోల ‘వాక్’ ఉన్నవి. గోవాపంది ‘అగోండా గోవన్’ తన యూరి పేరుతో నిలిచినది. పెంచువారి నోటిమాట అధికారపు పట్టికలో చేరినపుడు ఆ పశువు వారిదన్న సంగతియు చేరును. అచ్చట పంది పెంపకము ఇంటింటి గౌరవము గనుక ఇది సాధ్యమైనది. పంది మాట తిట్టైన భాషలో ఆ పని కష్టతరము. నందిని పందిని చేయుట యనినపుడు ఏది హీనమో ఎవరికిని వివరింపనక్కఱలేదు గదా.

తెలుగునాట పంది పెంపకము పలువుర చేతిలో నున్నను ప్రధానముగా ఎఱుకలవారితో ముడివడినది. ఎఱుకలవారందఱును పందులు పెంచువారు కారు. బుట్టలు, చేటలు అల్లువారు, ఉప్పు మోసి అమ్మినవారు, ఎఱుక చెప్పువారు అని వృత్తిభేదములు గలవు. బ్రిటిషు ప్రభుత్వము నేరస్థజాతుల శాసనము క్రింద వారిని చేర్చి తిరుగాడు బ్రతుకును కట్టివేసినది. గుంటూరు సీమలోని స్టూవర్టుపురము అట్టి నిర్బంధపు కాలపు నివాసమే. ఆ శాసనము 1952లో రద్దయినది. వారి యింటిభాష ద్రావిడమే, తమిళమునకు దగ్గఱది, బయట తెలుగు. ఈ సంగతి పదసేకరణమున ముఖ్యమైనది. పంది పెంపకపు మాటలలో ఏవి తెలుగువో, ఏవి ఇంటిభాషవో వేఱుచేసి వ్రాసికొననిచో సంకలనము పాడగును.

చిన్న పెంపకపు తీరు ఇట్లుండును. రెండుమూడు ఆడుపందులు, ఎదకు వచ్చినపుడు కలుపుటకు ఒక మగపంది. ఎద ఇరువదియొక్క దినముల కొకతూరి తిరిగివచ్చును. చూలు 114 దినములు. మూడు నెలలు, మూడు వారములు, మూడు దినములు అని లెక్క గుఱుతుంచుకొనుట పలుదేశములలో నున్నది. నాటుపంది ఈతకు పెట్టు పిల్లలు సీమపందికంటె తక్కువ, బరువును తక్కువ. కాని కొనితెచ్చిన దాణాకై అది ఎదురుచూడదు. తవుడు, గంజి, కూరల తొక్కలు, కోతలైన పొలమున రాలిన గింజ, గట్టుమీది గడ్డలు దానికి చాలును. ఉదయమున విడిచినవి సాయంకాలమునకు పిలుపు విని దొడ్డి చేరును. ఒకరి పందిని మఱియొకరి పందినుండి గుర్తించుటకు చెవియంచున గంటు పెట్టుట లోకమంతట నున్న పద్ధతి. కూలి దొరకని నెలలో ఒక పందిపిల్ల అమ్మిన రొక్కము ఇంటికి ఆధారము. ధనము నడచు రూపమున నుండుటను పేదవాడు ఆవునందు కాక పందియందు చూచినాడు.

దీనిలోని దోషమును దాచుట పండితధర్మము కాదు. మానవమలము అందుబాటులో నున్న ఊరిలో విచ్చలవిడిగా తిరుగు పంది బద్దెపురుగునకు వాహకము. ఆ పురుగుగ్రుడ్లు మనిషి కడుపున చేరినచో వానినుండి వెలువడు పురుగుపిల్లలు మెదడు చేరి మూర్ఛరోగమునకు కారణమగును. జపానీసు మెదడువాపు వ్యాధిలో వైరసు పందియొడలిలో పెంపొంది దోమలద్వారా మనుష్యుల నంటును. 2020లో అస్సాము, అరుణాచల ప్రదేశములలో తొలిసారి కనబడిన ఆఫ్రికా పందిజ్వరము మందు లేని మారి. మిగిలిన వంటకములు తిను పందులకు అది సులభముగా సోకును. అందుచే నగరపాలక సంస్థలు పందులను ఊరివెలుపలికి తఱుముట నిష్కారణము కాదు. కాని తఱుమబడునది పంది యొక్కటి కాదు. దొడ్డి కట్టుకొనుటకు చోటు, శుభ్రమైన మేత, పశువైద్యుని రాక, ఈ మూడును లేనివానికి పంది తొలగినచో వృత్తియే తొలగును. కంచెవేసిన నేలలో నాటుపందిని శుభ్రముగా పెంచుట అసాధ్యము కాదు. నేల చీల్చుటకు దానికి చోటుండవలెను, అంతియే.

ఇంగ్లండులో లింకన్‌షైరు కర్లీ కోట్ అను గొఱ్ఱెవంటి ఉంగరపువెండ్రుకల పంది యుండెడిది. అది 1972లో అంతరించినది. ఆ సంవత్సరము తెలియుటకు కారణము దానికొక పేరును, వంశావళి పుస్తకమును ఉండుటయే. మఱుసటి యేడు, 1973లో, ఆ దేశమున అరుదైన పశుజాతుల రక్షణకై ఒక సంస్థ వెలసినది. తెలుగునాటి ఏదో యొక సీమయందలి నల్లపంది సంకరములలో కరగిపోయినచో ఆ సంవత్సర మేదో వ్రాసికొనుటకు చోటే లేదు.

భాషాశాఖలు చేయదగిన పని ఇచ్చట నున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము, 1971లో వచ్చిన చేనేతసంపుటము ఇందుకు మార్గదర్శకములు. చేనేతసంపుటములోని మాటలను పలుకువారు నేడు సూరతులోను గలరు. మగ్గము మారినను మాట వెంటవచ్చినది. పనిచేయువారి యొద్దకే పోయి, పనిముట్టును చూచి, మాటను విని వ్రాసికొనుట ఆ కోశముల పద్ధతి. పందుల పెంపకమునకు ఆ పద్ధతియే తగును. ఆవు విషయమున పెయ్య, పడ్డ, కోడె, తొలిచూలు, మలిచూలు అని వయస్సునకును ఈతకును తగిన మాటలు మనకు గలవు. పంది విషయమున గ్రంథభాషలో మగపంది, ఆడుపంది, పందిపిల్ల అను మూటితోనే పని గడచుచున్నది. పెంచువారికి ఇవి చాలునని నమ్మరాదు. తొలియీత పందికి, పాలు విడిచిన పిల్లకు, విత్తు తీసిన మగదానికి, మెడపై జూలు దట్టమైనదానికి, ముట్టె పొడవైనదానికి, చెవిగంటులోని భేదములకు మాటలడుగవలెను. ఏ వాగునకు ఆవలి పందులు వేఱురకమని వారెంచుచున్నారో అడుగవలెను. సీమ హద్దు అచ్చటనే తేలును. ప్రతి మాటకును పంది వయస్సు, రంగు, కొలత చేర్చి వ్రాసినచో అది నిఘంటువునకును, కర్నాలులోని పట్టికకును ఒకేసారి పనికివచ్చును.

సాయంకాలమున పందులను దొడ్డికి పిలుచు కూత యొకటి గలదు. ఇంటికొక తీరు, ఆ యింటి పందులు ఆ కూతకే తిరిగివచ్చును. దానిని అక్షరములలో వ్రాయుట కష్టమే. సేకరించువారు దొడ్డివద్దకు చీకటిపడకముందే చేరి, పిలుచు స్త్రీని అడిగి, ముందుగా దానిని ధ్వనిముద్రణము చేయవలెను.